పిల్లల్లో దయ, ఇచ్చే గుణం, క్షమించే మనసు ఎలా పెంచాలి: మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతులు, స్టెప్ బై స్టెప్

పిల్లాడు నడక నేర్చుకుంటూ గడప తట్టుకుని పడతాడు. ఏడుస్తాడు. ఇంట్లో ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి "గడప కొట్టిందా నాన్నా? ఉండు దాని పని చెప్తా" అని గడపని రెండు దెబ్బలు వేసి, పిల్లాడి చేత కూడా ఒకటి వేయిస్తారు. ఏడుపు ఆగుతుంది, అందరం నవ్వుతాం. నన్ను మా నాయనమ్మ ఇలాగే ఊరుకోబెట్టేది, మా అమ్మ నా పిల్లల్ని అలాగే ఊరుకోబెట్టింది, అందులో ప్రేమ తప్ప ఇంకేం లేదని నాకు తెలుసు. కానీ మా బాబు రెండేళ్ళప్పుడు ఒకరోజు కుర్చీ తగిలి పడి, లేచి, తిన్నగా వెళ్ళి పక్కన బొమ్మలేసుకుంటున్న వాళ్ళక్కని కొట్టాడు. ఎందుకురా అంటే ఏం చెప్తాడు పాపం. నొప్పెడితే ఎవరినో ఒకర్ని కొట్టాలి అని వాడికి మేమే కదా నేర్పింది.

ఆరోజు నుంచి నాకు ఈ విషయం మీద పట్టుదల వచ్చింది. మాకు ఇద్దరు పిల్లలు, పాపకి తొమ్మిది, బాబుకి అయిదు. మాది కోనసీమ, ఇప్పుడుండేది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో. చదివినవీ, చేసి చూసినవీ, చేసి తప్పని తెలుసుకున్నవీ అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నా. నేను నమ్మేది ఒక్కటే, పిల్లల చేతిలోంచి మనం లాక్కుని ఇప్పించింది వాళ్ళు ఇచ్చినట్టు కాదు, మెడ మీద చెయ్యేసి చెప్పించిన సారీ సారీ కాదు. వాళ్ళంతట వాళ్ళు ఇచ్చేలా, వాళ్ళంతట వాళ్ళు వదిలేసేలా ఇంట్లో వీలు కల్పించాలి, అంతవరకే మన పని.

స్టెప్ 1: గడపని కొట్టడం ఆపండి

పడ్డప్పుడు ముందు దగ్గరికి తీసుకోండి. "ఎక్కడ తగిలింది, చూపించు" అనండి, రుద్దండి, ఊదండి, కాస్త మంచినీళ్ళు పట్టండి. ఏడుపు తగ్గాక "గడప అక్కడే ఉందిరా, మనమే చూసుకోలేదు, ఈసారి కాలెత్తి దాటుదాం" అని చెయ్యి పట్టుకుని ఒకసారి దాటించండి. అంతే. అమ్మమ్మలకి, నాయనమ్మలకి ఇది చెప్పడమే కష్టం, పది మందిలో చెప్తే నొచ్చుకుంటారు, విడిగా కూర్చున్నప్పుడు మెల్లగా చెప్పండి. మా అమ్మ మొదట్లో "మేం పెంచలేదా ఏంటి మిమ్మల్ని" అంది. వారం తర్వాత తనే గడప దగ్గర నూనె చుక్క రాసి వాడి మోకాలు రుద్దుతూ కనిపించింది.

ఇలాంటివే ఇంకో రెండు ఉన్నాయి, సరదాకే అంటాం గానీ పిల్లలు నిజమనుకుంటారు. "అన్నం తినకపోతే ఇదంతా పక్కింటి చిన్నూకి పెట్టేస్తా" అని బెదిరించడం ఒకటి. అన్నం ఇంకొకరికి పెట్టడం పిల్లాడికి శిక్ష అయిపోయిందిక్కడ, తర్వాత అదే పిల్లాడు డబ్బాలో మురుకులు చిన్నూకి పెట్టాలంటే ఎలా పెడతాడు? రెండోది "నీకంటే తమ్ముడే మంచోడు, వాడే నా బంగారం" అని ఏడిపించడం. తమ్ముడి మీద దయ పోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

స్టెప్ 2: ఏడాదిన్నర వయసులో వచ్చే సాయాన్ని తరిమేయకండి

జర్మనీలో లైప్‌జిగ్‌లో వార్నెకెన్, టొమాసెల్లో అని ఇద్దరు పరిశోధకులు 18 నెలల పిల్లల మీద ఒక పరిశీలన చేశారు, 2006లో అచ్చయింది. పెద్దాయన బట్టలారేస్తూ క్లిప్పు కింద పడేసుకుని అందనట్టు చెయ్యి చాస్తాడు, లేదా చేతినిండా పుస్తకాలతో బీరువా తలుపు తీయలేక తలుపుకి కొట్టుకుంటూ నిలబడతాడు. ఎవరూ అడగలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు, అయినా 24 మందిలో 22 మంది పిల్లలు కనీసం ఒక్కసారైనా లేచి వెళ్ళి సాయం చేశారు. మాటలు సరిగ్గా రాని పిల్లలు!

మరి మన ఇళ్ళల్లో ఆ వయసు పిల్లలు చీపురు పట్టుకుంటే, చెంబు మోసుకొస్తే మనమేమంటాం? "అక్కడ పెట్టు, ఒలకబోస్తావ్, నువ్వెళ్ళి టీవీ చూడు". అలా ఆరేడేళ్ళు పంపించేసి, పదేళ్ళొచ్చాక "మా పిల్లకి ఇంట్లో పుల్ల తీసి అవతల పెట్టడం రాదు" అని బాధపడతాం. ఒలకనివ్వండి. చిక్కుడుకాయల ఈనెలు తీసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి, క్లిప్పులు అందించమనండి, వెల్లుల్లి పొట్టు చేటలోంచి చెత్తబుట్టలో వేయమనండి, తాతయ్య కళ్ళజోడు, బీపీ మాత్రల డబ్బా తెచ్చిచ్చే డ్యూటీ వాళ్ళకే ఇవ్వండి. పని రెట్టింపవుతుంది, నిజమే, అయినా ఆ రెండేళ్ళు ఓర్చుకోండి.

ఇక్కడొక జాగ్రత్త. సాయానికి రేటు పెట్టకండి. "గ్లాసు తెస్తే చాక్లెట్, బొమ్మలు సర్దితే పది రూపాయలు" అని మనం మొదలుపెడతాం. ఆ ఇద్దరు పరిశోధకులే 2008లో 20 నెలల పిల్లలతో ఇది కూడా చూశారు, సాయం చేసినందుకు వస్తువు బహుమతిగా అందుకున్న పిల్లలు తర్వాత అది ఆపేస్తే, ఏమీ అందుకోని పిల్లల కంటే తక్కువ సాయం చేశారు. అంటే లోపల ఉచితంగా ఉన్న గుణాన్ని మనమే కూలి పనిగా మార్చేస్తున్నామన్నమాట. మరి ఏమీ అనకూడదా అంటే అనొచ్చు, కానీ "గుడ్ గర్ల్" అని ఊరుకోకుండా జరిగింది చెప్పండి. "నువ్వు కళ్ళజోడు తెచ్చావు కదా, చూడు తాతయ్య పేపర్ చదువుకుంటున్నారు". పిల్ల తల తిప్పి తాతయ్య మొహం చూస్తుంది, ఆ చూపు చాలు.

స్టెప్ 3: పంచుకోమని చేతిలోంచి లాగకండి

ఇది నేను బాగా పొరపాటు చేసిన చోటు, అందుకే ఎక్కువ రాస్తా.

చుట్టాలొస్తారు. వాళ్ళ పిల్లాడు మన పిల్ల బొమ్మ లాక్కుంటాడు. మనకి చుట్టాల ముందు మొహమాటం, "ఇచ్చేయమ్మా, పెద్దదానివి కదా, వాడు చిన్నోడు" అని లాగి ఇచ్చేస్తాం. వాడు ఏడుపు ఆపుతాడు, మన పిల్ల మొదలుపెడుతుంది. పిల్లకి ఇందులో అర్థమైంది ఏంటంటే గట్టిగా ఏడ్చేవాడిదే వస్తువు, పెద్దవాళ్ళకి బలముంది కాబట్టి లాక్కోవచ్చు. పంచుకోవడం గురించి ఒక్క ముక్క నేర్చుకోలేదు.

అసలు చిన్న పిల్లలకి పంచుకోవాలని తెలియక కాదు. 2013లో వచ్చిన ఒక స్టడీలో మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి స్టిక్కర్లు ఇచ్చి ఇంకో పిల్లాడికి ఎన్నివ్వాలని అడిగితే, మూడేళ్ళవాళ్ళు కూడా సగం సగం పంచాలనే చెప్పారు. తీరా ఇచ్చేటప్పుడు మాత్రం చిన్నవాళ్ళు ఎక్కువ తమ దగ్గరే పెట్టుకున్నారు, ఏడెనిమిదేళ్ళ వాళ్ళు చెప్పినట్టే సగం ఇచ్చారు. కాబట్టి నాలుగేళ్ళ పిల్లాడు "సగం ఇవ్వాలి" అని చెప్పి మొత్తం దాచేసుకుంటే వాడు అబద్ధాలకోరూ కాదు, పిసినారీ కాదు, ఇంకా చెయ్యి మాట వినే వయసు రాలేదు అంతే. "స్వార్థం" అనే మాట ఆ వయసు పిల్లల మీద అస్సలు వాడొద్దు, దయచేసి.

మరి ఏం చేయాలి? చుట్టాలు వచ్చే ముందే పిల్లని కూర్చోబెట్టి "నీకు బాగా ఇష్టమైనవి రెండు మూడు బీరువాలో దాచుకో, అవి ఎవరికీ ఇవ్వక్కర్లేదు, బయట పెట్టినవి మాత్రం అందరూ ఆడుకుంటారు, సరేనా" అని అడగండి. తనవి తనకి భద్రంగా ఉన్నాయనే నమ్మకం ఉంటే మిగతావి ఇవ్వడానికి చెయ్యి వస్తుంది. మా పాప మొదటిసారి ఎనిమిది దాచింది, ఆర్నెల్లకి ఒక కుందేలు బొమ్మ దగ్గరికి వచ్చింది, అది ఇప్పటికీ ఇవ్వదు, నేను అడగను కూడా.

లాక్కున్నప్పుడు మధ్యలో కూర్చుని "అక్క ఆడుకోవడం అయ్యాక నీ వంతు" అనండి, అయ్యేదాకా రెండోవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆగండి. ఆగడం నేర్పడం కూడా దయలో భాగమే.

ఇంకా ముఖ్యమైంది, ఇవ్వడమా మానడమా అన్నది వాళ్ళకే వదిలేయండి. చెర్న్యాక్, కుష్నీర్ అనే ఇద్దరు అమెరికాలో చిన్న పిల్లలతో చేసిన పరిశీలన 2013లోనే వచ్చింది, బెంగగా ఉన్న ఒక కుక్కపిల్ల బొమ్మని చూపించి "స్టిక్కర్ దానికి ఇస్తావా, నువ్వే ఉంచుకుంటావా" అని కొందరికి నిజంగా ఎంచుకునే వీలిచ్చారు, కొందర్ని మాత్రం ఇచ్చి తీరాలన్నారు. తర్వాత ఇంకో బొమ్మ వచ్చినప్పుడు ఎవరు ఎక్కువ స్టిక్కర్లు పంచారంటే, తమకి కావలసిందాన్ని తమ ఇష్టంతో వదులుకున్నవాళ్ళు. ఒకసారి తనంతట తాను ఇచ్చిన పిల్లకి "నేను ఇచ్చే మనిషిని" అని తన గురించి తనకే తెలుస్తుంది.

చిన్నప్పుడు కాకెంగిలి చేసుకున్నాం గుర్తుందా, జీడి ముక్కో జామకాయో లంగా అంచులో చుట్టి పటుక్కున కొరికి సగం ఫ్రెండ్‌కి పెట్టేవాళ్ళం, ఏ టీచరూ చెప్పలేదు, ఏ అమ్మా చూడలేదు. అందులో సంతోషం ఉంది కాబట్టే చేశాం. మా పిల్లలకి నేను ఇది చేసి చూపించా, చున్నీ కొంగులో వేరుశనగ చిక్కీ పెట్టి. ఇప్పుడు ఇద్దరూ ఒక్క బిస్కెట్ ఉన్నా కాకెంగిలే.

స్టెప్ 4: ఇవ్వడానికి ఇంట్లో ఒక చోటు, ఒక టైము పెట్టండి

మనసులో దయ ఉంటే సరిపోదు, దానికి ఒక అలవాటు తోడుండాలి. మన పండగలు పెట్టినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. ధనుర్మాసంలో హరిదాసు వస్తే బియ్యం వేయడానికి ఇంట్లో పెద్దవాళ్ళు వెళ్ళరు, పిల్లల దోసిట్లో పోసి పంపిస్తారు. ఆయన తలమీద అక్షయపాత్ర దించకుండా మోకాలు వంచి పిల్లల ఎత్తుకి కిందకి వంగుతాడు. నాకు అయిదేళ్ళప్పుడు మా వీధి అరుగు దగ్గర ఆ పాత్రలో బియ్యం పోసిన శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఎందుకంటే అంత పెద్దాయన నా కోసం వంగాడు. తీసుకునేవాడు వంగింది ఇచ్చేదాని ఎత్తు కోసం, చిన్నబోయి కాదు, ఇది మాటలతో నేర్పలేం. సిటీలో హరిదాసు కనపడకపోతే సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడైనా పొద్దున్నే పిల్లల్ని లేపి వాకిట్లో నిలబెట్టండి.

వాయనాలప్పుడు కూడా ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ దగ్గర కూర్చోబెట్టుకోండి. "ఇస్తినమ్మా వాయనం" అని ఒకరంటే "పుచ్చుకుంటినమ్మా వాయనం" అని ఇంకొకరనాలి, ఇద్దరిదీ ఒకే ఎత్తు గొంతు. ఇచ్చేవాళ్ళు ఎక్కువ, పుచ్చుకునేవాళ్ళు తక్కువ అనేది అందులో లేదు. ఈ సంగతి నేను పెద్దయ్యాకే గమనించా.

రోజువారీగా మేం చేసేది గుప్పెడు బియ్యం. వంటకి బియ్యం కొలిచేటప్పుడు పిల్లలు వంతులవారీగా ఒక గుప్పెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. వాళ్ళ గుప్పెడు, నాది కాదు. నెలాఖరుకి డబ్బా ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే చెప్తారు, ఒకసారి మా సందు చివర ఇస్త్రీ చేసే తాత ఇంటికి, ఒకసారి గుడి దగ్గర అన్నదానానికి. 2014లో ప్రపంచమంతా ఐస్ బకెట్ చాలెంజ్ అని తలమీద నీళ్ళు గుమ్మరించుకుంటుంటే హైదరాబాద్‌లో రైస్ బకెట్ చాలెంజ్ మొదలైంది, బకెట్ బియ్యం అవసరం ఉన్నవాళ్ళకి ఇవ్వండి అని. ఈ సంగతి మా పాపకి చెప్తే దానికి తెగ నచ్చి, వేసవి సెలవుల్లో ఫ్లోర్‌లో పిల్లలందర్నీ పోగేసి అదే చేయించింది. అక్టోబర్ 2 నుంచి 8 దాకా ప్రతి ఏడూ దాన్ ఉత్సవ్ వారం అని మన దేశంలో 2009 నుంచి జరుగుతోంది, స్కూల్ పిల్లలకి ఏదైనా మొదలుపెట్టడానికి ఆ వారం బాగుంటుంది.

ఆవకాయ పెట్టాక పక్కింటికి జాడీలో పంపేటప్పుడు, రంజాన్‌కి పక్కింటి ఆంటీ వాళ్ళు సేమ్యా ఖీర్ పంపితే ఆ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు పిల్లల చేతే పంపండి. ఖాళీ గిన్నె పంపకూడదని మా అమ్మమ్మ అనేది, కనీసం రెండు అరటిపళ్ళో కాస్త పంచదారో వేసేది.

పాత బట్టల సంగతి. చిరిగినవి, మరకలు పడ్డవి, జిప్పు పోయినవి మూట కట్టి ఇచ్చేసి దానం అనుకోవద్దు, అవి తుడుచుకోడానికి వాడుకోండి. ఇచ్చేవి ఉతికి, ఇస్త్రీ చేసి, బొత్తాలు కుట్టి ఇవ్వాలి, ఆ బొత్తాలు పిల్లలు కుడితే ఇంకా మంచిది. "ఇది నీకు ఎవరైనా ఇస్తే వేసుకుంటావా" అని అడగండి, వాళ్ళు వేసుకోనంటే పక్కన పెట్టేయండి.

పుట్టినరోజుకి అనాథాశ్రమానికి వెళ్ళేవాళ్ళు చాలామంది, మంచి మనసుతోనే వెళ్తారు. కానీ అమ్మానాన్న లేని పిల్లల్ని వరసగా నిలబెట్టి మన పిల్లకి హ్యాపీ బర్త్‌డే పాడించి, కేక్ ముక్క పెట్టి, ఫోటోలు తీసి స్టేటస్‌లో పెట్టడం ఒకసారి వాళ్ళ వైపు నుంచి చూడండి. ముందే ఫోన్ చేసి వాళ్ళకి ఏం కావాలో కనుక్కోండి, నోట్ బుక్సా, దుప్పట్లా, ఒకపూట భోజనమా. ఫోన్ జేబులో పెట్టుకోండి. పుట్టినరోజనే చెప్పక్కర్లేదు, మన పిల్లలు వాళ్ళతో ఒక గంట కబడ్డీ ఆడి వస్తే చాలు.

కథ కావాలంటే మా గోదావరి జిల్లాల్లో డొక్కా సీతమ్మగారి కథ చెప్పండి. 1841 నుంచి 1909 దాకా బతికిన మనిషి, లంకల గన్నవరంలో కాపురం, గోదావరి పాయలు దాటుకుని అర్ధరాత్రి ఎవరు ఆకలితో తలుపు తట్టినా పొయ్యి వెలిగించి వండి పెట్టేది. ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరి, దారిలో ఎవరో ఆకలితో ఉన్నవాళ్ళు "ఇంకాస్త దూరం, సీతమ్మగారింటికి వెళ్తే అన్నం దొరుకుతుంది" అని పిల్లల్ని ఓదారుస్తుంటే విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగి వండి పెట్టిందని మా వైపు చెప్పుకుంటారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నమెంట్ స్కూళ్ళలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే, గన్నవరం అక్విడక్టుకీ ఆవిడ పేరే. ఆ వంతెన మీద నుంచి వెళ్తూ ఈ కథ చెప్తే పిల్లలకి కళ్ళముందు కనపడుతుంది.

స్టెప్ 5: మీ ఇంట్లో స్టీలు గ్లాసు ఒకసారి చూసుకోండి

ఇంట్లో పనిచేసే అక్కకి టీ ఏ గ్లాసులో ఇస్తున్నాం? సింకు పక్కన, కిటికీ గట్టు మీద విడిగా ఒక గ్లాసు ఉందా? ఉంటే, దయ గురించి ఎన్ని కథలు చెప్పినా ఆ గ్లాసు ముందు నిలబడవు. పిల్లలు అడగరు, చూస్తారు. మేం మా ఇంట్లో అది తీసేశాం, అందరం తాగే కప్పులే. పిల్లలు పేరు పెట్టి పిలవరు, "అక్క" అంటారు, సెలవు పెడితే "అక్కకి ఒంట్లో బాలేదా" అని అడుగుతారు, "మళ్ళీ ఎగ్గొట్టింది" అనే మాట పిల్లల ముందు నా నోట్లోంచి రాకుండా చూసుకుంటా, అది మాత్రం నాకు చాలా కష్టమైంది.

అలాగే వాచ్‌మన్ తాత, మెట్లు తుడిచే అమ్మ, మే నెల ఎండలో పార్సిల్ తెచ్చే అబ్బాయి. "మంచినీళ్ళు తాగుతావా అన్నా" అని పిల్లాడి చేత అడిగించి గ్లాసు వాడి చేతే ఇప్పించండి. లిఫ్ట్‌లో వాళ్ళు ఎక్కితే మనం మొహం చిట్లిస్తే పిల్ల కూడా రేపు స్కూల్ బస్సులో ఆయమ్మని చూసి అదే చేస్తుంది.

స్టెప్ 6: "వాడికి ఎలా ఉండుంటుంది?"

ఎదుటివాళ్ళ మనసులో తనకి తెలిసిందే కాకుండా వేరేది కూడా ఉండొచ్చని పిల్లలకి సుమారు నాలుగేళ్ళకి అర్థమవడం మొదలవుతుంది. అప్పటి నుంచి ఈ ప్రశ్న అడగొచ్చు. తిట్టేటప్పుడు కాదు, మామూలుగా ఉన్నప్పుడు. కొత్తగా క్లాసులో చేరిన అమ్మాయి లంచ్‌లో ఒక్కతే కూర్చుంటే దానికి ఎలా ఉండుంటుంది, నువ్వైతే ఏం కావాలనుకుంటావు. సమాధానం మనమే చెప్పేయకూడదు, ఆగాలి. స్కూల్ నుంచి రాగానే "ఎన్ని మార్కులు" తో పాటు "ఇవాళ ఎవరికైనా సాయం చేశావా, నీకెవరైనా చేశారా" అని రెండూ అడగండి. రెండోది మర్చిపోవద్దు, పుచ్చుకున్నది గుర్తుంటేనే ఇవ్వబుద్ధవుతుంది.

స్టెప్ 7: సారీ, కటీఫ్, క్షమించడం

"సారీ చెప్పు. గట్టిగా చెప్పు. ఇంకోసారి చెప్పు." ఇలా మూడుసార్లు చెప్పించిన సారీలో పిల్లాడి మనసంతా కోపం తప్ప ఏముంటుంది? ముందు ఇద్దర్నీ విడదీసి చల్లబడనివ్వండి. తర్వాత దెబ్బ తిన్నవాడి దగ్గరికి ముందు వెళ్ళండి, కొట్టినవాణ్ణి తిట్టడానికి కాదు, తగిలినవాణ్ణి చూసుకోవడానికి. కొట్టినవాడు అది చూస్తుంటాడు. అప్పుడు వాణ్ణి "ఏం జరిగింది, తమ్ముడికి ఎక్కడ తగిలింది, ఇప్పుడు నువ్వేం చేస్తే తగ్గుతుంది" అని అడగండి. ఐస్ ముక్క తెస్తాడు, విరిగిన బొమ్మకి టేప్ వేస్తాడు, చించిన బొమ్మ మళ్ళీ గీసిస్తాడు. బాగుచేయడం సారీ కంటే ముందు రావాలి, బాగుచేస్తుంటే సారీ దానంతట అదే వస్తుంది చాలాసార్లు.

ఇటువైపు దెబ్బ తిన్న పిల్లని "సారీ చెప్పాడు కదా, ఇంక వదిలేయ్, నవ్వు" అని వెంటనే తొందరపెట్టకండి. కోపం ఉండనివ్వండి. "నీకు బాగా కోపం వచ్చింది, రావడం సహజం" అనండి. పిల్లల కటీఫ్‌లు మనం జోక్యం చేసుకోకపోతే సాయంత్రానికి పోతాయి, వాళ్ళమ్మకి మనం ఫోన్ చేశామా, పెద్దవాళ్ళ మధ్య నెలలు నడుస్తాయి.

క్షమించడం అంటే ఏమిటో పిల్లలకి చెప్పాలంటే భాగవతం మొదటి స్కంధంలో ద్రౌపది, అశ్వత్థామ కథ కంటే గొప్పది నాకు దొరకలేదు. నిద్రపోతున్న తన అయిదుగురు కొడుకుల్ని చంపినవాణ్ణి అర్జునుడు కట్టేసి తెచ్చి ముందు పడేస్తే, ఆవిడ వదిలేయమంటుంది. నేను ఏడుస్తున్నట్టు వీడి తల్లి కృపి ఏడవకూడదు అని. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. తర్వాతది కూడా చెప్పండి. అశ్వత్థామని ఊరికే పంపేయలేదు, తల గొరిగి, తలమీద మణి తీసేసుకుని, వెళ్ళగొట్టారు. చంపలేదు, అలాగని ఏమీ జరగనట్టూ ఊరుకోలేదు. మా పాప ఈ కథ విని "అంటే ద్రౌపది వాడితో మళ్ళీ ఫ్రెండ్‌షిప్ చేయలేదన్నమాట" అంది. అవును తల్లీ, చేయక్కర్లేదు. పగ వదిలేయడం వేరు, మళ్ళీ దగ్గరికి రానివ్వడం వేరు.

ఈ తేడా పిల్లలకి తప్పకుండా తెలియాలి, ముఖ్యంగా మంచి పిల్లలకి. రోజూ టిఫిన్ లాక్కునేవాణ్ణి క్షమించి టిఫిన్ ఇస్తూ కూర్చోమని కాదు. "వద్దు, నాకు నచ్చలేదు" అని గట్టిగా చెప్పడం, టీచర్‌కి చెప్పడం, మనకి చెప్పడం దయలేకపోవడం కాదు. ఇంకొక విషయం చాలా సీరియస్‌గా రాస్తున్నా. పెద్దవాళ్ళెవరైనా, చుట్టాలైనా సరే, పిల్లల ఒంటి మీద తప్పుగా చెయ్యి వేస్తే, అక్కడ క్షమ అనే మాట పిల్లల ముందు ఎత్తనే ఎత్తొద్దు. "పోనీలే, మామయ్యే కదా" అని నోరు నొక్కొద్దు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్, దేశంలో ఎక్కడి నుంచైనా చేయొచ్చు, పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. పిల్లల్ని నమ్మండి, వాళ్ళ పక్కన నిలబడండి.

స్టెప్ 8: మన సారీలు, మన పగలు

పిల్లల మీద అరిచాక మనం సారీ చెప్పాలి. "నువ్వు అలా చేయబట్టే కదా నేను అరిచింది" అని తగిలించకుండా. "ఇవాళ ఆఫీస్ కోపం నీ మీద చూపించా, తప్పు నాది, నీది కాదు" అని మా ఆయన ఒకసారి బాబు పక్కన నేలమీద కూర్చుని చెప్పాడు, వాడు వాళ్ళ నాన్న బుగ్గ నిమిరి "పర్లేదు నాన్నా, నీకు ఆకలేస్తోందా" అన్నాడు. దీంతో గౌరవం పోతుందని భయపడేవాళ్ళకి చెప్తున్నా, పోదు.

ఇంక పగలు. మన ఇళ్ళల్లో ఎన్ని పాత లెక్కలో చూడండి. పెళ్ళిలో మాకు సరైన గది ఇవ్వలేదు, చీర తక్కువ రకం పెట్టారు, విస్తరి దగ్గర పిలవలేదు, పొలం గట్టు రెండడుగులు జరిపారు. అన్నం తింటూ పిల్లల ముందే ఇవన్నీ తవ్వుతాం. ఆ పిల్లలే ఫ్రెండ్ రబ్బరు పారేసిందని నెల రోజులు మాట్లాడకపోతే ఆశ్చర్యపోతాం. నాకు మా పిన్నితో నాలుగేళ్ళుగా మాటల్లేవు, మా చెల్లి పెళ్ళిలో జరిగిన ఒక మర్యాద విషయం. తప్పు ఎవరిదంటే ఇప్పటికీ ఆవిడదే అంటాను. కానీ మొన్న పాప "కటీఫ్ ఎన్ని రోజులుండొచ్చమ్మా" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఆ ఆదివారం పిల్లలిద్దరూ పక్కన ఆడుకుంటుండగానే ఫోన్ చేశా. అవతల కాసేపు ఏం మాట లేదు, తర్వాత "ఏమ్మా, అన్నం తిన్నావా" అంది పిన్ని. పెళ్ళి సంగతి ఇద్దరం ఎత్తలేదు. మోకాళ్ళ నొప్పులూ, కొబ్బరికాయల రేటూ, వానలూ మాట్లాడుకున్నాం. పెట్టేశాక బాబు ఎవరమ్మా అంటే మీకు చిన్నమ్మమ్మ అవుతుంది, వాళ్ళింట్లో పెద్ద పనసచెట్టుందని చెప్పా. ఈ మే నెలలో వెళ్తున్నాం, తీసుకెళ్ళడానికి పాప అప్పుడే ఒక డబ్బా పక్కన పెట్టేసింది.